భిక్షు సంఘం దగ్గర ధ్యానం, ధమ్మం నేర్చుకోదలచిన గృహస్థుకు సమాధానం

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. తరువాత చదివేవారికి కూడా సందర్భం తెలుస్తుంది. మీది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో. వీడియోలు చూసి కొంతకాలంగా రోజూ ఉదయం శ్వాసను గమనించే ధ్యానం చేస్తున్నారు. ఇప్పుడు బౌద్ధ భిక్షువుల దగ్గర కూర్చుని ధ్యానాన్నీ, దానితోపాటు ధమ్మాన్నీ (బుద్ధుని బోధనూ) సక్రమంగా నేర్చుకోవాలని ఉంది. ఎక్కడికి వెళ్లాలి, ఎంత ఖర్చవుతుంది, ఏ పద్ధతి మంచిది, అక్కడ ఎలా మెలగాలి, మతం మారవలసి వస్తుందా అని అడిగారు. మీరు అటు అడుగు పెడితే చీవరం (భిక్షువు వస్త్రం) కట్టేస్తారేమోనని మీ అమ్మగారు దిగులు పడుతున్నారని కూడా రాశారు.

నేను గుంటూరులో చాలా ఏళ్లుగా ఉపాసకుణ్ణి, అంటే బుద్ధుని బోధను అనుసరించే గృహస్థుణ్ణి. అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ చూడటానికి వచ్చే భిక్షువులకు భోజనం, బస ఏర్పాటు చేయడం, వారి ప్రవచనాలను తెలుగులో చెప్పడం, వీలు చిక్కినప్పుడు ఆరామాలకు (భిక్షువులు నివసించే చోట్లకు) వెళ్లి వారి దగ్గర ఉండి రావడం నా అలవాటు. కొత్తగా వచ్చేవారు దాదాపు అందరూ ధ్యాన పద్ధతి గురించే అడుగుతారు; ఆ భిక్షువులు ఎలా బతుకుతారు, ఎందుకు అలా బతుకుతారు అని అడిగేవారు తక్కువ. నా దృష్టిలో రెండో ప్రశ్నే ముందు అడగవలసినది. పద్ధతి మాత్రమే కావాలంటే అది పుస్తకంలోనూ దొరుకుతుంది, వీడియోలోనూ దొరుకుతుంది. సంఘం దగ్గర మాత్రమే దొరికేది, ఆ బోధ ప్రకారం రోజంతా నడుచుకునే మనుషుల సాంగత్యం. కాబట్టి మీ ప్రశ్నలకు ఆ వైపు నుంచే సమాధానం చెబుతాను.

ఖర్చు సంగతి తొందరగా తేల్చవచ్చు. ధమ్మ బోధకు రుసుము ఉండదు. ఉదాయి అనే భిక్షువు కౌశాంబిలో పెద్ద గృహస్థుల సభకు బోధిస్తున్నాడని ఆనందుడు చెప్పినప్పుడు, ఇతరులకు ధమ్మం చెప్పడం తేలిక కాదని బుద్ధుడు ఐదు విషయాలు గుర్తు చేశాడు: క్రమపద్ధతిలో చెప్పాలి, కారణాలు చూపుతూ చెప్పాలి, కరుణతో చెప్పాలి, లాభాపేక్షతో చెప్పకూడదు, తననుగానీ ఇతరులనుగానీ నొప్పించకుండా చెప్పాలి. అంగుత్తర నికాయమనే పాళీ గ్రంథంలోని ఈ చిన్న సుత్తం (బుద్ధుని ప్రవచనం) నాకు గురువును కొలిచే మొదటి కొలబద్ద. ‘ఈ స్థాయికి ఇంత, ఆ స్థాయికి ఇంత’ అని ధర నిర్ణయించిన చోట, బోధించే మనిషి ఎంత మంచివాడైనా, అది మీరు వెతుకుతున్న సంప్రదాయం కాదు.

మరి రుసుము లేకుండా ఆరామం ఎలా నడుస్తుంది? ఇక్కడే వినయ నియమాల, అంటే భిక్షువుల నడవడికి ఉన్న కట్టుబాట్ల, అమరిక అర్థం చేసుకోవాలి. శ్రీలంక, మయన్మార్, థాయ్‌లాండ్‌లలో ఉన్న థేరవాద సంప్రదాయపు భిక్షువుకు పాతిమోక్ఖమనే నియమావళిలో 227 నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం అతడు డబ్బు స్వీకరించకూడదు. ఎవరూ చేతికి అందించని ఆహారం నోట పెట్టుకోకూడదు; నీటికీ పళ్లుతోముకునే పుల్లకూ మాత్రమే మినహాయింపు. ఇవాళ అందిన అన్నం రేపటికి దాచుకుని తినకూడదు. నేల తవ్వకూడదు, మొక్కను తుంచకూడదు. అంటే తన కూర తాను పండించుకోలేడు. ముందుగా ‘మీకేం కావాలన్నా అడగండి’ అని ఆహ్వానించని ఇంటివారిని ఫలానాది కావాలని అడగడానికి కూడా హద్దులున్నాయి. ఇవన్నీ కలిపి చూస్తే, ఎంత దూరపు అడవిలో ఉన్న భిక్షువైనా ప్రతి ఉదయం ఎవరో ఒక గృహస్థు ముందు పాత్రతో నిలబడక తప్పదు. చీవరం, పిండపాతం (భిక్షగా అందే అన్నం), ఉండే చోటు, మందు అనే నాలుగు అవసరాలను మనం చూస్తాం. వారు ధమ్మం చెబుతారు, అంతకంటే ఎక్కువగా, దాని ప్రకారం నడిచి చూపుతారు. ఇందులో ఎవరూ ఎవరికీ వెల కట్టరు.

ఈ బంధం మన నేలకు కొత్తది కాదు. అమరావతి మహాచైత్యపు శిలాఫలకాల మీద రాజుల పేర్ల కంటే మామూలు దాతల పేర్లు ఎక్కువ కనిపిస్తాయి: గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, ఉపాసికలు, పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని కుటుంబంతో కలిసి ఇచ్చిన విధికుడనే చర్మకారుడు. నాగార్జునకొండలో ఉపాసిక బోధిశ్రీ, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో, తామ్రపర్ణి (శ్రీలంక) నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినట్టు శాసనం ఉంది. సింహళ భిక్షువులు కృష్ణాతీరంలో ఉండి బోధించడం క్రీస్తు శకం మూడో శతాబ్దం నాటికే ఉన్న సంగతన్నమాట. ఏడో శతాబ్దంలో ధాన్యకటకానికి (నేటి అమరావతి ప్రాంతానికి) వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఇక్కడ కొన్ని నెలలు ఆగి, ఇద్దరు స్థానిక భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే ప్రాచీన బౌద్ధ శాఖవారి అభిధర్మం (తత్త్వ విశ్లేషణ) చదువుకున్నాడు. గ్రంథాలు ఇంతగా చదివినవాడు కూడా ఆ శాస్త్రం కోసం గురువుల దగ్గర నెలల తరబడి ఉండిపోవడం మీరు గమనించాలని కోరుతున్నాను. ఇక నేటి సంగతి చెప్పాలంటే, థాయ్ అరణ్య సంప్రదాయానికి చెందిన అజాన్ సుమేధో 1984లో ఇంగ్లండులో స్థాపించిన ఆరామానికి పెట్టిన పేరు కూడా అమరావతే.

ఇప్పుడు ఎక్కడికి అన్న ప్రశ్న. ఇక్కడ రెండు రకాల చోట్లను వేరు చేసి చూడాలి. మొదటివి గృహస్థ ఆచార్యులు నడిపే ధ్యాన కేంద్రాలు. మయన్మార్‌లో పుట్టి పెరిగిన సత్యనారాయణ గోయెంకా తన గురువు ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న విపస్సనను 1969 నుంచి భారతదేశంలో నేర్పారు. 1976లో ఇగత్‌పురిలో ధమ్మగిరి మొదలైంది. ఆ పరంపరకు చెందిన కేంద్రాలు మనకు అందుబాటులోనే, ఏలూరు దగ్గర విజయరాయిలోనూ, నాగార్జునసాగర్‌లోనూ ఉన్నాయి. పది రోజుల శిబిరంలో మౌనం, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, మొదటి మూడు రోజులు ఆనాపానం (శ్వాసను గమనించడం), ఆ తరువాత దేహంలోని వేదనలను, అంటే అక్కడ కలిగే అనుభూతులన్నిటినీ, గమనించే విపస్సన, చివరన మైత్రి భావన ఉంటాయి. భోజనం, వసతి సహా దేనికీ రుసుము లేదు. శిబిరం పూర్తి చేసినవారి నుంచే విరాళం తీసుకుంటారు. ధ్యానంలో గట్టి పునాది వేసుకోవడానికి ఇది చాలా మంచి మార్గమని నేను నిస్సంకోచంగా చెబుతాను. కానీ అది భిక్షు సంఘం కాదు. శిబిరం ముగిశాక ఇంటికి వస్తారు. గృహస్థుకూ భిక్షువుకూ మధ్య ఉండే రోజువారీ బంధం అక్కడ ఏర్పడదు. అలాగే మన జిల్లాల్లో ఆనాపానసతి అనగానే చాలామందికి పిరమిడ్ ధ్యాన మందిరాలు గుర్తుకు వస్తాయి. అవి కూడా గృహస్థులు నడిపేవే. వాటి బోధ వేరు, వినయ నియమాలతో వాటికి సంబంధం లేదు.

రెండోవి భిక్షువులు నివసించే విహారాలు. సికింద్రాబాదు మహేంద్రహిల్స్‌లో ఆనంద బుద్ధ విహారం ఉంది. బెంగళూరులో ఆచార్య బుద్ధరక్ఖిత 1956లో స్థాపించిన మహాబోధి సొసైటీ ఉంది. అక్కడ భిక్షువులు, శ్రామణేరులు (ఇంకా పూర్తి దీక్ష తీసుకోనివారు) నివసిస్తూ చదువుకుంటారు. మన విజయవాడ, గుంటూరు, అమరావతి పరిసరాల్లోని ఏ విహారానికి వెళ్లినా మొదట ఒక్కటి అడగండి: ఇక్కడ భిక్షువులు స్థిరంగా ఉంటున్నారా, లేక పండుగలకు వచ్చి వెళ్తున్నారా? స్థిరంగా ఉన్నచోటే మీ కోరిక తీరుతుంది. ముఖ్యంగా వర్షావాసంలో వెళ్లండి. ఆషాఢ పౌర్ణమి మరునాటి నుంచి ఆశ్వయుజ పౌర్ణమి వరకు భిక్షువు ఒకే చోట ఉండాలన్నది నియమం. తగిన కారణం ఉంటే ఏడు రోజుల వరకు బయటికి వెళ్లి రావచ్చు. ఏడాది పొడవునా ఊళ్లు తిరిగే భిక్షువు కూడా ఆ మూడు నెలలు మీకు ఒకే చోట దొరుకుతాడు, ప్రశ్నలు అడగడానికి, మళ్లీ వచ్చి మళ్లీ అడగడానికి. వైశాఖ పౌర్ణమి నాడు అమరావతికి వెళ్లడం మంచిదే, కానీ ఆ జనసందోహంలో ఎవరి దగ్గరా నేర్చుకోవడం కుదరదు.

అక్కడ ఎలా మెలగాలి అన్నదానికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలోని మర్యాదే కొన్నిచోట్ల వారికి ఇబ్బంది అవుతుంది. స్వాములవారు ఇంటికి వస్తే తాంబూలంలో దక్షిణ పెట్టి ఇవ్వడం మన పద్ధతి. భిక్షువు చేతికో, పాత్రలోకో డబ్బు ఇవ్వవద్దు. విహారం బాగోగులు చూసే ట్రస్టు గానీ, కప్పియకారకుడనే గృహస్థ సహాయకుడు గానీ ఉంటారు. ఇవ్వదలిస్తే వారికి ఇచ్చి, ఏ అవసరానికి ఇచ్చారో భిక్షువుకు నోటితో చెప్పండి. భోజనం మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి రాకముందే పూర్తి కావాలి. కాబట్టి పదకొండున్నరకు వడ్డన మొదలుపెడతామంటే కుదరదు, పదిన్నరకే అన్నీ సిద్ధంగా ఉండాలి. పెట్టదలచిన ప్రతి గిన్నెనూ రెండు చేతులతో ఎత్తి అందించాలి. బల్ల మీద పరిచి ‘తీసుకోండి’ అంటే వారు తీసుకోలేరు. మొలకెత్తే గింజలున్న జామకాయ, ద్రాక్ష వంటివి ఇచ్చేటప్పుడు కొన్ని సంప్రదాయాల్లో భిక్షువు ‘కప్పియం కరోహి’ (తినదగినదిగా చేయి) అంటాడు, మీరు ‘కప్పియం భంతే’ (తగినదే, స్వామీ) అని ఒక పండును చాకుతో గాటు పెట్టాలి. గింజలోని ప్రాణాన్ని తన కోసం పోగొట్టకూడదన్న నియమం నుంచి వచ్చిన ఆచారమిది.

మధ్యాహ్నం తరువాత వచ్చిన అతిథికి మజ్జిగో, పాలు పోసిన టీయో ఇవ్వడం మనకు సహజం. చాలా విహారాలలో ఆ వేళ పాలు, పెరుగు ఆహారంగానే లెక్క, తీసుకోరు. కానీ బెల్లం నీళ్లు ఇవ్వవచ్చు. జబ్బుగా ఉన్న భిక్షువుకు బెల్లం, ఆరోగ్యంగా ఉన్నవారికి బెల్లం నీరు అనుమతించినట్టు వినయ గ్రంథమైన మహావగ్గలో స్పష్టంగా ఉంది. మిరియం కూడా మందుగా అనుమతించినదే. కాబట్టి మన మంగళగిరి పానకం భిక్షువులకు సాయంత్రం వేళ ఇవ్వదగిన పానీయం. ఎండాకాలంలో శ్రీలంక నుంచి వచ్చిన భిక్షువులకు మేము అదే ఇస్తాం, ఎంతో ఇష్టంగా తాగుతారు. వడకట్టిన నిమ్మరసమూ సరే.

స్త్రీలు భిక్షువుల పాదాలు తాకకుండా కొంచెం దూరం నుంచే నమస్కరిస్తారు. థాయ్ సంప్రదాయంలో స్త్రీ ఇచ్చే వస్తువును నేరుగా చేతిలోంచి తీసుకోకుండా వస్త్రం పరిచి దాని మీద పెట్టించుకుంటారు. శ్రీలంక, మయన్మార్ భిక్షువులు చాలామంది నేరుగానే తీసుకుంటారు. వస్త్రం పరిచినంత మాత్రాన అవమానించారని అనుకోవద్దని మా ఇంటి ఆడవారికి ముందే చెబుతుంటాను. సంబోధన ‘భంతే’ అంటే చాలు. వారికంటే ఎత్తైన ఆసనం మీద కూర్చుని గానీ, తలపాగా, టోపీ పెట్టుకుని గానీ ధమ్మం అడగవద్దు. ఆరోగ్యంగా ఉన్నవాడు అలా కూర్చుంటే అతనికి బోధించకూడదని నియమమే ఉంది.

ఈ మర్యాదలు పాటించి నాలుగు పౌర్ణములు వెళ్లేసరికి మీకు తెలియకుండానే బోధ మొదలై ఉంటుంది. బుద్ధుడు కొత్త గృహస్థులకు చెప్పిన క్రమాన్ని అనుపుబ్బికథ అంటారు: మొదట దానం గురించి, తరువాత శీలం గురించి, దాని వల్ల కలిగే మంచి గతుల గురించి, ఆ పిమ్మట కామభోగాలలోని దోషం, వాటిని విడవడంలోని మేలు, వినేవాడి మనసు మెత్తబడి, అడ్డంకులు తొలగి, సిద్ధంగా ఉందని తెలిశాకే నాలుగు సత్యాలు (దుఃఖం, దాని కారణం, దాని అంతం, అందుకు మార్గం). ధ్యానం నేర్పమని వచ్చినవారికి పెద్ద భిక్షువు మొదటిరోజే ముక్కు కొన మీద దృష్టి పెట్టమనకుండా, పంచశీలం (గృహస్థులు పాటించే ఐదు నియమాలు) ఇచ్చి, ఇంట్లో గొడవలు ఎలా ఉన్నాయి, నిద్ర ఎలా ఉంది, ఏం పని చేస్తారు అని అడిగితే కొందరు నిరాశపడతారు. ఆయన సరైన చోటే మొదలుపెట్టారు. అబద్ధం చెప్పి, తాగి, ఇతరులను మోసగించి వచ్చి కూర్చున్న మనసు పశ్చాత్తాపంతో గానీ భయంతో గానీ కదులుతూనే ఉంటుంది. దానికి ఎంత మేలైన పద్ధతి ఇచ్చినా నిలవదు. ఉద్యోగస్థులకు అబద్ధమాడకూడదన్న నాలుగో శీలమే అన్నింటికంటే కష్టమని నా అనుభవం. దాన్ని నిజాయితీగా ఒక నెల పాటించి చూడండి, కూర్చున్నప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

ఇక గురువును ఎలా ఎంచుకోవాలి. కోసల రాజు పసేనది, దారిన పోతున్న సన్యాసులను చూపి వీరు అర్హంతులా (ముక్తి పొందినవారా) అని అడిగినప్పుడు, శీలం కలిసి ఉండటం వల్లనే తెలుస్తుందనీ, అదీ చాలా కాలానికి, శ్రద్ధగా గమనించేవాడికే తెలుస్తుందనీ బుద్ధుడు చెప్పాడు. మజ్ఝిమ నికాయంలోని వీమంసక సుత్తంలో శిష్యుడు తథాగతుణ్ణి (బుద్ధుణ్ణి) కూడా కంటితో, చెవితో పరీక్షించి చూడాలని ఆయనే బోధించాడు. కాబట్టి గమనించడం అపచారం కాదు. నేను చూసే గుర్తులు కొన్ని చెబుతాను. తాను ఫలానా స్థితిని పొందానని, ఫలానా ఫలాన్ని సాధించానని భిక్షువు గృహస్థులకు చెప్పుకుంటే, అది నిజమైనా పాచిత్తియ దోషం (తోటి భిక్షువు ముందు ఒప్పుకోవలసిన తప్పు). తెలిసి అబద్ధంగా చెప్పుకుంటే పారాజికం, ఆ క్షణాన్నే భిక్షుత్వం పోతుంది. ఎత్తున కట్టిన చందనపు పాత్రను ఋద్ధిబలంతో గాలిలోకి లేచి తెచ్చిన పిండోల భారద్వాజుణ్ణి బుద్ధుడు మందలించి, గృహస్థులకు మహిమలు చూపకూడదని నియమం పెట్టాడు. జాతకాలు, ముహూర్తాలు, స్వప్నఫలాలు చెప్పి బతకడాన్ని బ్రహ్మజాల సుత్తం తప్పు జీవనోపాధిగా లెక్కించింది. తాయెత్తు కడతాననేవారు, మీ గత జన్మ చూసి చెబుతాననేవారు, ఒక్క శిబిరంతో మార్గఫలం (ముక్తి మార్గంలోని ఒక మెట్టు) ఖాయమనేవారు ఎదురైతే నమస్కరించి బయటికి రండి. దీనికి భిన్నంగా, ‘ఆ విషయం నాకు తెలియదు, ఫలానా థేరుణ్ణి (పెద్ద భిక్షువును) అడగండి’ అనగలిగే భిక్షువు దొరికితే విడవకండి. ఆయన గురువు ఎవరో, ఎక్కడ ఉపసంపద (పూర్తి భిక్షు దీక్ష) తీసుకున్నారో, ఎన్ని వర్షావాసాలు గడిచాయో అడగడంలో తప్పేమీ లేదు. భిక్షువులు ఒకరినొకరు మొదట అడిగేది అదే. ఉపసంపద తరువాత కనీసం ఐదేళ్లు గురువు ఆశ్రయంలో ఉండాలి, పదేళ్లు నిండినవారే ఇతరులకు ఉపాధ్యాయులు కావచ్చు.

పద్ధతుల గురించి మీరు చాలా రాశారు, నేను తక్కువే చెబుతాను. మయన్మార్ భిక్షువు మహాసి సయాడో పరంపరలో పొత్తికడుపు ఎగయడం, పడటం గమనిస్తూ, ఏది తలెత్తితే దాన్ని మనసులో గుర్తిస్తారు. మయన్మార్‌కే చెందిన పా-ఆక్ పరంపరలో ముందు సమాధిని (ఏకాగ్రతను) గట్టిపరచి తరువాత విపస్సనకు వెళ్తారు. అజాన్ చా వంటి థాయ్ అరణ్య ఆచార్యులు పద్ధతి కంటే రోజంతా ఎరుకతో ఉండటం మీద ఎక్కువ బరువు పెట్టారు. మూలాలు మాత్రం అందరికీ ఆ సుత్తాలే: సతిపట్ఠాన సుత్తం, ఆనాపానసతి సుత్తం. రెండోదాన్ని మీరు తప్పక చదవాలి. అందులో శ్వాసతో మొదలై పదహారు మెట్లున్నాయి. మొదటి నాలుగు దేహానికి, తరువాతి నాలుగు వేదనలకు, ఆపై నాలుగు చిత్తానికి, చివరి నాలుగు అనిత్యతను చూడటం నుంచి విడిచిపెట్టడం వరకు. వీడియోలలో సాధారణంగా చెప్పేది మొదటి రెండు మెట్లే. శ్వాస పొడవుగా ఉందో పొట్టిగా ఉందో తెలుసుకోవడంతో ఆగిపోయి, ఏడాదికి ‘ఇక ఏమీ జరగడం లేదు’ అనుకునేవారిని చాలామందిని చూశాను. ముందుకు ఏమున్నదో చెప్పే మనిషి లేకపోవడమే దానికి కారణం. ఏ భిక్షువు దగ్గర కుదురుకుంటే ఆయన పద్ధతినే తీసుకుని, కనీసం ఒక వర్షావాసం పాటు మరొకదానితో కలపకుండా చేయండి.

విహారంలో కొన్ని రోజులు ఉండనిస్తే అష్టశీలం తీసుకుంటారు. మధ్యాహ్నం తరువాత మీకు కూడా భోజనం ఉండదు, పాటలు, అలంకారాలు, ఎత్తైన పడక ఉండవు, ఆ రోజులు బ్రహ్మచర్యం. తెల్లవారుజామున వందన, ధ్యానం, పొద్దున పిండపాతం, భోజనం, పని, మళ్లీ ధ్యానం, సాయంత్రం వందన, ధమ్మదేశన. పని అన్నచోట ఆవరణ ఊడవడం, పాత్రలు కడగడం, నీళ్లు మోయడం ఉంటాయి. ‘ధ్యానానికి వచ్చాం, ఊడ్పిస్తున్నారేమిటి’ అని విసుక్కునే యువకులున్నారు. కూర్చున్నప్పుడు కనిపించని చిరాకు ఆ చీపురు చేతిలో ఉన్నప్పుడే బయటపడుతుంది, దాన్ని భిక్షువు చూస్తాడు కూడా. సాయంత్రం ఆయన చెప్పే నాలుగు మాటలు దాని గురించే అయి ఉండవచ్చు. ఇలా కొన్ని రోజులు ఉండటానికైతే మొదటిసారి డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. మే నెల ఉక్కలో కొత్తవారు కూర్చోలేరు, ఒక్క పూట భోజనంతో నీరసిస్తారు.

నిద్ర ముంచుకొస్తోందని రాశారు. బుద్ధుని ప్రధాన శిష్యులలో ఒకడైన మహామొగ్గల్లానుడికే ఆ ఇబ్బంది వచ్చింది. ఆయనకు బుద్ధుడు చెప్పిన ఉపాయాలు వరుసగా ఇవి: ఏ భావన మీద ఉండగా నిద్ర వచ్చిందో దాన్ని వదిలేయడం, విన్న ధమ్మాన్ని తలచుకోవడం, దాన్ని పైకి వల్లించడం, చెవులు లాగి ఒళ్లు రుద్దుకోవడం, లేచి కళ్లు కడుక్కుని నక్షత్రాలను చూడటం, మనసులో వెలుగును భావించడం, అటూ ఇటూ నడవడం, ఇవేవీ పనిచేయకపోతే, ఎప్పుడు లేవాలో అనుకుని కుడివైపు తిరిగి పడుకోవడం. ఆఖరిదాన్ని కూడా ఆయన నేరంగా చెప్పలేదు. మీరు రాత్రి పన్నెండింటికి పడుకుని నాలుగున్నరకు లేచి కూర్చుంటే వచ్చేది ధ్యానంలోని ఆటంకం కాదు, అలసట. దానికి మందు నిద్రే. అలాగే మోకాళ్లు నొప్పి పుడితే కుర్చీలో కూర్చోండి. ఏ భిక్షువూ అభ్యంతరం చెప్పరు. పాదాలు నెత్తురోడేలా చంక్రమణం (నడుస్తూ చేసే ధ్యానం) చేసిన సోణుడనే భిక్షువుకు వీణ తీగను మరీ బిగించినా మరీ వదులు చేసినా పలకదని బుద్ధుడు చెప్పిన మాట మీకు తెలిసే ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. తీవ్రమైన కుంగుబాటు, భ్రమలు, భయాందోళనలకు చికిత్స పొందుతున్నవారు, గతంలో పొందినవారు, పది రోజుల మౌన శిబిరానికి వెళ్లే ముందు తమ వైద్యుణ్ణీ, నేర్పేవారినీ ఇద్దరినీ అడగాలి. ఆ సంగతి దరఖాస్తులో దాచకూడదు. ధ్యానం మొదలైందని మందులు మానకూడదు. వినయంలో మందు నాలుగు అవసరాలలో ఒకటి. మందును తక్కువగా చూసే ధ్యాన గురువు మాట వినవద్దు.

మతం మారాలా? నేర్చుకోవడానికి మారనక్కరలేదు. నిగంఠుల (జైన మునుల) భక్తుడైన ఉపాలి గృహపతి ఒక్కరోజులో బుద్ధుని శరణు కోరితే, మీవంటి పేరున్న వ్యక్తి బాగా ఆలోచించి చేయవలసిన పని ఇదని ఆయన ఆపాడు. శరణు తీసుకున్నాక కూడా, ఇంతకాలం మీ ఇంట అన్నం తిన్న నిగంఠులకు పెట్టడం మానవద్దన్నాడు. సీహ సేనాపతి విషయంలోనూ ఇదే జరిగింది. మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగితే పీటల మీద కూర్చోవద్దని ఏ భిక్షువూ చెప్పగా నేను వినలేదు. త్రిశరణం (బుద్ధుణ్ణీ, ధమ్మాన్నీ, సంఘాన్నీ శరణు కోరడం) తీసుకోవడం మీకు లోపలి నుంచి కలగవలసిన నిర్ణయం. అడిగి చేయించేది కాదు. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన బౌద్ధ దీక్ష వేరే సందర్భం. అందులో 22 ప్రతిజ్ఞలున్నాయి, కులవ్యవస్థను విడిచి కొత్త సమాజాన్ని కట్టే సంకల్పం ఉంది. మన జిల్లాల్లో ఆ మార్గాన వచ్చిన కుటుంబాల విహారాలకు కూడా మీరు వెళ్లండి. త్రిశరణ పంచశీలాలను తెలుగు లిపిలో ఇంటింటా వల్లించే అలవాటును ఇక్కడ నిలబెట్టింది ఎక్కువగా వారేనని నేను గౌరవంతో చెబుతాను.

చివరిగా అమ్మగారి దిగులు. బుద్ధుడు కపిలవస్తుకు వచ్చినప్పుడు చిన్నవాడైన రాహులునికి ప్రవ్రజ్య (సన్యాస దీక్ష) ఇప్పించాడు. తాత శుద్ధోదనుడు వచ్చి, బిడ్డ మీది ప్రేమ చర్మాన్ని కోసి, మాంసాన్ని కోసి, ఎముకను చీల్చి మూలుగ దాకా పోతుందనీ, ఇక మీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరికీ ప్రవ్రజ్య ఇవ్వవద్దనీ వేడుకున్నాడు. బుద్ధుడు ఒప్పుకుని నియమం చేశాడు. నేటికీ ఉపసంపద వేళ సంఘం మధ్య అభ్యర్థిని నిలబెట్టి అడిగే ప్రశ్నలలో అది ఉంది: ఇరవై ఏళ్లు నిండాయా, అప్పులున్నాయా, రాజసేవలో ఉన్నావా, తల్లిదండ్రులు అనుమతించారా? వయసు నలభై అయినా అడుగుతారు. ఇంటి రుణం వాయిదాలు కడుతున్నవాడిని, అమ్మ ఒప్పుకోనివాడిని సంఘం చేర్చుకోదు. చేరినవాడు కూడా ఏ రోజైనా, అర్థం చేసుకోగల ఒక మనిషి ముందు ‘శిక్షను (భిక్షు శిక్షణను) విడుస్తున్నాను’ అని చెప్పి గృహస్థుగా తిరిగి రావచ్చు. దానికి దండన గానీ వెలి గానీ లేదు.

ఈ సంగతులు మీరు చెబితే ఆవిడ నమ్మకపోవచ్చు. వచ్చే పౌర్ణమికి విహారానికి ఫోన్ చేసి ఎంతమంది భిక్షువులున్నారో కనుక్కుని, భోజన దానానికి పేరు ఇచ్చి, ఆవిడను వెంట తీసుకెళ్లండి. వంట ఆవిడే చేయనివ్వండి, కారం మాత్రం మన లెక్కలో సగం వేయమనండి. భోజనం అయ్యాక భిక్షువులు ఆశీర్వచనంగా గాథలు చెప్పి, కాసేపు మాట్లాడతారు. మా అబ్బాయిని మీలో కలిపేసుకుంటారా అని ఆవిడనే నేరుగా అడగనివ్వండి. తెలుగు రాని భిక్షువైతే మీరు అనువదించండి, ఒక్క మాట కూడా మార్చకుండా.